శానా, చాలా, చాలు

సందేహం: పుంగనూరులో ఐదో తరగతి చదివే మా అమ్మాయి పరీక్షలో ‘శానా వాన కురిసింది’ అని రాసింది. టీచరు కొట్టేసి ‘చాలా’ అని దిద్దారు. ‘శానా’ తప్పేనా? అయినా ‘చాలు’ అంటే సరిపోయింది అనే కదా, ‘చాలా’ అంటే ఎక్కువ ఎలా అయింది?
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ముందు దానికే జవాబు చెబుతాను.

‘నిండు’ నుంచి ‘నిండా’, ‘తీరు’ నుంచి ‘తనివితీరా’, నిండు అనే అర్థమున్న ‘ఆరు’ నుంచి ‘మనసారా’ వచ్చినట్టే ‘చాలు’ నుంచి ‘చాలా’ వచ్చింది. పాత కావ్యాల్లో పొట్టిగా ‘చాల’ అనే ఉంటుంది. మరి సరిపడడం ఎక్కువ ఎలా అయింది? జవాబు మన పొరుగునే ఉంది. నగరి దాటితే వినపడే తమిళంలో ‘సాల్’ అంటే నిండుగా, మెండుగా ఉండడం. 13వ శతాబ్దపు తమిళ వ్యాకరణం ‘నన్నూల్’ మిక్కిలి అనే అర్థమిచ్చే మాటలను వరసగా చెబుతూ ‘సాల’తోనే మొదలుపెడుతుంది. ఎంతో మేలైనదాన్ని తమిళులు ఇప్పటికీ ‘సాలచ్చిఱందదు’ అంటారు. ఇటు పలమనేరు దాటితే కన్నడంలో చాలదు అనడానికి ‘సాలదు’ అంటారు. ఇవన్నీ కలిపి చూస్తే ఈ ధాతువుకు మొదటి అర్థం నిండుదనమే అనిపిస్తుంది. తెలుగులో ‘చాలు’ సరిపడేంతకు దిగిపోయింది, ‘చాలా’ మాత్రం ఆ పాత నిండుదనాన్ని వదల్లేదు. అంటే ‘చాలా’ పెరగలేదమ్మా, ‘చాలు’ తగ్గిందని నా నమ్మకం. ‘చాలీచాలని జీతం’, ‘చెప్పజాలను’, ‘చాలించు’ కూడా ఈ ఇంటి మాటలే.

ఇక ‘శానా’. ములగను మునగ అన్నట్టే ఇక్కడా ‘ల’ ‘న’ అయింది. చెట్టును శెట్టు అనే నోళ్లలో ‘చానా’ ‘శానా’ అయింది. తిరుపతి బస్టాండులో ఎవరైనా ‘శానా సేపాయె సామీ’ అంటే నాకు ప్రాణం లేచొస్తుంది. పరీక్ష పేపర్లో మాత్రం ‘చాలా’ రాయడమే మేలేమో, అన్ని జిల్లాలవాళ్లకూ తెలిసిన రూపం కదా. కథలో, ఉత్తరంలో ‘శానా’ రాస్తే కొట్టేయడం నాకు నచ్చదు. ‘ఇది మన ఊరి మాటే, ఇక్కడ చాలా అని రాయమ్మా’ అని ఉంటే ఆ పిల్ల చిన్నబుచ్చుకునేది కాదు.

అసలు దిద్దాల్సినవి వేరే ఉన్నాయి. ‘అత్యంత పెద్ద చెరువుల్లో ఒకటి’ అని వార్తల్లో రాస్తారు. అత్యంతం అంటే అంతం దాటినది, అలాంటివి పదీ ఇరవై ఉంటాయా? ఎండకూ చీకటికీ అబద్ధానికీ అన్నిటికీ ఒకటే ‘ఫుల్’, లేకపోతే ‘చాలా చాలా’. మండుటెండ, చిమ్మచీకటి, పచ్చి అబద్ధం, కటిక చేదు అని దేని కొలత దానికే పెట్టుకున్న భాష మనది. ఆ టీచరు ‘శానా’ కొట్టేసి ‘కుండపోతగా వాన కురిసింది’ అని దిద్ది ఉంటే నేను పుంగనూరు వచ్చి దండం పెట్టేవాణ్ని.