కావలి తమ్ముడి జెట్ వదలగానే ముక్కెత్తి ఎందుకు పడుతోంది? నా అనుభవం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. కావలి దగ్గర కోతలైన పొలంలో బాడీ లోపలి గొట్టంలో 64 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ జెట్, అంటే రిమోట్‌తో నడిచే మోడల్ విమానం, ఎగరేస్తున్నావు. మాన్యువల్‌లో చెప్పినట్టే రెక్క ముందంచు నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర వేళ్ళు పెట్టి తూకం చూశావు, సమంగా నిలబడింది. అయినా చేతి నుంచి వదలగానే ముక్కు పైకెత్తి, ఎడమ రెక్క మీదికి ఒరిగి పడింది. రెండుసార్లూ అట్టాగే. మోటారుకు దమ్ము చాలడం లేదా, ఇంకా పెద్ద ఫ్యాన్ వేయాలా అని నీ అనుమానం.

ఫ్యాన్ జోలికి పోవద్దు. దమ్ము చాలకపోతే విమానం ఎత్తు కోల్పోతూ పోయి పొట్ట మీద దిగుతుంది. వదలగానే ముక్కు లేపిందంటే ముందు అనుమానించాల్సింది తోక బరువునే. ముక్కు లేస్తే వేగం పడిపోతుంది, వేగం పోతే ఏదో ఒక రెక్క ముందుగా చేతులెత్తేస్తుంది, అటు పడుతుంది. వేళ్ళ మీద సమంగా నిలబడిన మాట నిజమే. కానీ వేళ్ళు ఎక్కడ పెట్టావు? నా మొదటి జెట్‌ను నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

మాన్యువల్‌లోని 60 మిల్లీమీటర్లు రెక్క మొదట్లో, అంటే రెక్క బాడీకి అతుక్కునే చోట కొలవాలి. అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తు నుంచి బాడీకి అడ్డంగా, మూలమట్టం పెట్టినట్టు తిన్నని గీత గీయాలి. వేళ్ళు ఆ గీత మీదే ఉండాలి. మామూలుగా నేర్చుకునే ట్రైనర్ విమానానికి రెక్క తిన్నగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కొలిచినా ఒకటే. జెట్ రెక్క వెనక్కి వాలి ఉంటుంది. వేళ్ళు పట్టవని బాడీ నుంచి 30 మిల్లీమీటర్లు బయటికి జరిగి, అక్కడి అంచు నుంచి 60 కొలిచావనుకో. రెక్క వాలు 30 డిగ్రీలుంటే నీ గుర్తు అసలు చోటు కంటే 17 మిల్లీమీటర్లు వెనక పడుతుంది. ఇంత చిన్న జెట్‌లో 5 మిల్లీమీటర్లే ఎక్కువ, 17 అంటే ఇక అది ఎగరదు.

ఆ మొదటి జెట్‌ను నెల్లూరు పక్కన ఎండిన చెరువులో మా బావమరిది విసిరాడు, నేను రిమోట్ పట్టుకున్నాను. పది అడుగులు కూడా పోకుండా ముక్కు లేచింది. స్టిక్ మొత్తం ముందుకు నెట్టినా దించలేకపోయాను. ముక్కు రెండు ముక్కలైంది, బ్యాటరీ ఎగిరి గడ్డిలో పడింది. ఆ రాత్రి విరిగిన విమానం రెక్క మీద స్కేలు పెట్టి చూస్తే గానీ నా గుర్తు ఎంత వెనక ఉందో తెలియలేదు. ఆరు నెలలు డబ్బులు కూడబెట్టి కొన్నది. చాలా బాధపడ్డాను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. వేళ్ళకు బదులు రెక్కలను ఆనించడానికి ఒక చెక్కకు రెండు పెన్సిళ్ళు రబ్బరు కొస పైకి ఉండేట్టు నిలబెట్టాను. విమానాన్ని ఎగరేసేటప్పుడు ఎట్టా ఉంటుందో అట్టాగే సిద్ధం చేస్తాను: బ్యాటరీ పట్టీతో బిగించి, మూత పెట్టి. రెక్క కిందివైపుగా ఉన్న మోడలైతే తల్లకిందులుగా పెట్టాలి. మామూలుగా పెడితే బరువంతా పైన ఉండి అటో ఇటో పడుతూ నీకు అబద్ధం చెబుతుంది. పెన్సిళ్ళు గీత మీద ఆనేట్టు పెట్టి వదిలినప్పుడు ముక్కు ఒక్క పిసరు నేల చూడాలి. మొదటిసారి ఎగరేసేటప్పుడు ముక్కు కాస్త బరువుగా ఉండటమే మేలు.

తూకం సరిచేయడానికి మొదట బ్యాటరీనే జరుపు. నా జెట్ మొత్తం 920 గ్రాములు, అందులో 14.8 వోల్టుల నాలుగు సెల్స్ లైపో బ్యాటరీ ఒక్కటే 230 గ్రాములు. అంటే నాలుగో వంతు. అందుకని బ్యాటరీని 20 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే తూకం బిందువు 5 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. నీ విమానం, నీ బ్యాటరీ విడివిడిగా తూచి ఈ లెక్క నువ్వే వేసుకో. బ్యాటరీ జరపడానికి చోటు లేకపోతేనే సీసం. నేను వలలకు కట్టే సీసం గుళ్ళు తెచ్చి ముక్కు లోపల అంటించాను. ముక్కు కొసకు ఎంత దగ్గరగా పెడితే అంత తక్కువ సీసంతో పని అవుతుంది. బ్యాటరీ చోటు కుదిరాక లోపల పెన్నుతో గీత గీసిపెట్టుకో, పొలంలో హడావిడిలో ప్రతిసారీ అక్కడే పెట్టాలి.

తూకం కుదిరినా విసరడం తప్పితే మళ్ళీ అదే కథ. ప్రొపెల్లర్ ముందున్న విమానానికి ఆ గాలి తోక మీద కొడుతుంది కాబట్టి వేగం లేకున్నా ఎలివేటర్, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, పనిచేస్తుంది. మన జెట్‌లో ఫ్యాన్ గాలి గొట్టంలో నుంచి నేరుగా బయటికి పోతుంది. వేగం వచ్చేదాకా ఎలివేటర్ ఉన్నా లేనట్టే. కాబట్టి థ్రాటిల్ (మోటారు వేగం) పూర్తిగా ఇచ్చి, ఫ్యాన్ పూర్తి వేగం అందుకుందని చెవికి తెలిశాక, గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా విసరాలి. ఆకాశంలోకి విసరొద్దు. వేగం పుంజుకున్నాకే మెల్లగా ఎత్తు.

పైకి పోయాక ఒక పరీక్ష ఉంది. బాగా ఎత్తులో థ్రాటిల్ తగ్గించి, 45 డిగ్రీల్లో కిందికి దించి స్టిక్ వదిలెయ్. తనంతట తాను గబగబా పైకి లేస్తే ముక్కు బరువు, ఇంకా నిట్టనిలువుగా దూకితే తోక బరువు. బ్యాటరీని రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఒక్కసారి జరపొద్దు.

దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తీసేయకు. ఈ ఫ్యాన్లకు వేగం అందుకోవడానికి క్షణం పడుతుంది, ఆ క్షణంలోనే రెక్క వాలి విమానం పడిపోతుంది. కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు కిందికి వచ్చి పోయినప్పుడు ఆ హోరు విన్నవాళ్ళకు ఈ మాట బాగా ఎక్కుతుంది. అవి కూడా ఇంజన్ ఆపుకుని రావు. బ్యాటరీ అయిపోయేదాకా ఉండకు, టైమర్ మూడు నిమిషాలకు పెట్టి దించెయ్.

ఫ్యాన్ ఊళ పెడుతోందని కూడా రాశావు. అది వేరే తూకం. 64 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 40,000 చుట్ల దాకా తిరుగుతుంది, ఆ ఫ్యాన్ రెక్కల్లో ఒకటి పిసరు బరువున్నా బాడీ అంతా వణుకుతుంది. రోటర్ (తిరిగే ఫ్యాన్ చక్రం) విప్పి, సన్నని ఇరుసు మీద తేలిగ్గా తిరగనియ్యి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికొస్తే అదే బరువు. దానికి ఎదురుగా హబ్ (ఫ్యాన్ నడిమి భాగం) లోపలివైపు చిన్న టేపు ముక్క అంటించి మళ్ళీ చూడు. ఏ రెక్కా కిందికి రానప్పుడు సరిపోయినట్టు. బిగించాక మొదటిసారి తిప్పేటప్పుడు మొహం ఫ్యాన్‌కు సూటిగా పెట్టొద్దు.

చోటు విషయం. మైపాడు, కొత్తపట్నం బీచిలు విశాలంగా కనిపిస్తాయి గానీ వద్దు. ఇసుక ఫ్యాన్‌లోకి పోతుంది, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి. గడ్డి మొలిచిన ఎండు చెరువే నాకు నచ్చిన చోటు, బర్రెలూ క్రికెట్ పిల్లలూ లేనప్పుడు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు ముగించు, తర్వాత గాలి పెరుగుతుంది. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో ఆ చోటు, అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎరుపు రంగులో లేదని ముందే చూసుకో. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో విమానాన్ని కారులో వదిలి వెళ్ళావంటే ఫోమ్ రెక్క వంకర తిరుగుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. రెక్క మొదట్లో మళ్ళీ కొలిచి, ఆ అడ్డగీత గీసి, నీ పాత గుర్తు దానికి ఎన్ని మిల్లీమీటర్లు వెనక ఉందో ఇక్కడ రాయి. బ్యాటరీ బరువు కూడా రాస్తే ఎంత ముందుకు జరపాలో కలిసి లెక్క వేద్దాం.