బెండు ఒడ్డుకు రాలేదు

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఒకసారి ఏకబిగిన చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. సముద్రం, వెలుగు, భూకంపం, గుండె, భాష, మహమ్మారి, మార్కెట్, ట్రాఫిక్, స్త్రీవాదం... ఇన్ని రంగాల వాళ్లు "అల" అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నారని పట్టుకున్నావు. నీ వయసులో నాకు ఆ చూపు లేదు. అందుకే నచ్చనిది కూడా దాచకుండా రాస్తున్నాను.

"విశ్వమంతా అలల మయం" అని మొదలుపెట్టావు. వినడానికి బాగుంది. కానీ ఆ వాక్యం వల్ల తర్వాత చెప్పిన తొమ్మిది విషయాలూ ఒకే రంగులోకి మారిపోయాయి. ఏది నిజంగా అలో, ఏది అలలా కనిపిస్తోందో చదివేవాళ్లకి తెలియలేదు. రెండో పేజీలో భూకంపం "పి వేవ్"నీ, ఈసీజీలోని "పి వేవ్"నీ పక్కపక్కన పెట్టి అక్కాచెల్లెళ్లన్నావు. వాటికి పేరు తప్ప బంధుత్వం లేదు. మొదటిది అందరికంటే ముందు వచ్చే తరంగం కాబట్టి ప్రైమరీ. రెండోది ఈసీజీకి రూపం ఇచ్చిన ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త తన గీతలో ఎత్తుపల్లాలకి పి, క్యూ, ఆర్, ఎస్, టి అని వరసగా పెట్టుకున్న అక్షరాల్లో ఒకటి, అంతే.

మొన్న భీమిలి వెళ్లాను. వల నుంచి తెగిపోయిన బెండు ఒకటి, కెరటాలు విరిగే చోటుకి కాస్త అవతల తేలుతోంది. కెరటం వచ్చినప్పుడు పైకి లేచి ఒడ్డు వైపు జరుగుతుంది. కెరటం దాటిపోగానే కిందికి దిగి, జరిగినంతా వెనక్కి వెళుతుంది. నీళ్లలో ఒక సున్నా చుట్టి మళ్లీ దాదాపు అక్కడికే వస్తుంది. పావుగంట చూశాను. ఎన్నో కెరటాలు దాని కిందుగా వచ్చి ఒడ్డున విరిగాయి. బెండు మాత్రం కాస్త పక్కకి కొట్టుకుపోయిందే తప్ప ఒడ్డుకు రాలేదు. దాని చుట్టూ ఉన్న నీళ్లూ అంతే. ఒడ్డుకు వచ్చింది నీళ్ల కదలిక.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఒక పత్రికకి వ్యాసం రాస్తూ "గంటకు 700 కిలోమీటర్ల వేగంతో నీళ్లు పరుగెత్తుకొచ్చాయి" అన్నాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "నీళ్లు అంత వేగంతో వస్తే, నడిసముద్రంలో వేటలో ఉన్నవాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుందండీ?" అని ఒకటే ప్రశ్న. జవాబు వెతుక్కుంటూ కూర్చుంటే నా వాక్యం ఎంత తప్పో తెలిసింది. 4,000 మీటర్ల లోతున్న చోట సునామీ అల సెకనుకు 200 మీటర్ల వేగంతో, అంటే గంటకు 720 కిలోమీటర్లతో వెళుతుంది. అదే చోట నీళ్లు కదిలేది సెకనుకు కొద్ది సెంటీమీటర్లే. అల ఎత్తు కూడా మీటరు లోపే ఉండొచ్చు. అది పడవ కింద నుంచి వెళ్లినా పడవలో వాళ్లకి తెలియదు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ అల ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనక భాగం తరుముకొస్తుంది, అప్పుడు ఎత్తు పెరుగుతుంది. ప్రాణాలు తీసేది అక్కడ.

ఆ కార్డు రాకపోతే ఇవాళ నీకు ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. అప్పటి నుంచి ఎక్కడ "అల" అని కనిపించినా ముందు ఒకటే అడుగుతున్నాను. ఇక్కడ కదిలేది ఏది? కదలకుండా అక్కడే ఉండేది ఏది? నీ వ్యాసంలోని ఒక్కో పేరానీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టు. కొన్ని బలపడతాయి, కొన్ని రాలిపోతాయి.

సునామీ పేరాకి ఒక మాట కలుపు. సముద్రానికి ఎంతో దూరంగా, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి మన దేశానికి సునామీ హెచ్చరికలు వెళతాయి. అది ఎలా కుదురుతుంది? భూకంప తరంగాలు భూమిలోంచి సెకనుకు కిలోమీటర్ల లెక్కన ప్రయాణిస్తాయి. సముద్రపు అల సెకనుకు 200 మీటర్లే. ఆ రెండు వేగాల మధ్య తేడాయే తీరం ఖాళీ చేయడానికి మనకి దొరికే టైం. భూకంపాల శాస్త్రం, సముద్ర శాస్త్రం నీ వ్యాసంలో వేర్వేరు పేరాల్లో ఉన్నాయి. ఇక్కడ అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి. నువ్వు వెతికే చుట్టరికాలు ఇలాంటివి.

గుండె గురించి రాసిన చోట ఈసీజీ తీసేసి నాడి పెట్టమంటాను. ఇప్పుడే బొటనవేలి కింద, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి చూడు. తగిలే దెబ్బ రక్తం వచ్చి కొట్టిందని అనుకుంటాం. నిజానికి గుండె కొట్టుకున్నప్పుడు రక్తనాళాల గోడల వెంట ఒక ఒత్తిడి అల బయల్దేరుతుంది. సెకనుకు ఐదు నుంచి పది మీటర్ల దాకా దాని వేగం. సెకనులో చిన్న ముక్కలో మణికట్టుకు చేరిపోతుంది. ఆ దెబ్బకి గుండెలోంచి బయటికొచ్చిన రక్తం ఇంకా వెనక దారిలోనే ఉంటుంది. వయసు మీద పడి రక్తనాళాలు గట్టిపడితే అల ఇంకా వేగంగా వెళుతుంది. ఈ వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. భీమిలిలో బెండు చెప్పిందే వేళ్ల కింద నాడీ చెబుతోంది. చదివేవాళ్లు పుస్తకం పక్కన పెట్టి తమ చెయ్యి తాము పట్టుకుని చూస్తారు. అంతకంటే ఏం కావాలి మనకి?

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది భాష పేరా. కానీ నాలుగు లైన్లతో సరిపెట్టావు! అక్కడ ఆగి, నిదానంగా రాయాలి. భాషలు చెట్టు కొమ్మల్లా చీలతాయని జర్మన్ భాషా పండితుడు ష్లైషర్ అంటే, 1872లో ఇంకో జర్మన్ పండితుడు యోహానెస్ ష్మిట్ కాదన్నాడు. మార్పు ఒకచోట పుట్టి, చెరువులో రాయి వేస్తే వలయాలు పాకినట్టు పాకుతుందన్నాడు. ఇది చెప్పి వదిలేశావు. మన రోలు దగ్గరికి రా. తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు, మనకి రోలు. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు, మనకి రెండు. ముందున్న అచ్చు వెనక్కి జరిగి, హల్లు ముందుకొచ్చింది. ఈ మార్పు తెలుగుతో పాటు గోండి, కొండ, కుయి, కువి లాంటి సోదర భాషల్లోనూ కనిపిస్తుంది. అయితే అన్ని భాషల్లో, అన్ని మాటల్లో ఒకేసారి రాలేదు. ఒక మాట మారింది, ఇంకో మాట ఆగింది, తర్వాత అదీ మారింది. ఇలా మాట నుంచి మాటకి, భాష నుంచి భాషకి ఆ మార్పు ఎలా పాకిందో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1978లో లెక్క తీసి చూపించారు. ఉస్మానియాలో పాఠం చెప్పిన మనిషి, మన ఇంట్లో రోలునీ రెండునీ పట్టుకుని ప్రపంచంలోని భాషా శాస్త్రవేత్తలు చదివే పని చేశారు. ఇది మన పాఠకులకి చెప్పకపోతే ఎలా?

నా ప్రశ్న ఇక్కడా అడిగి చూడు. మనుషులు తమ ఊళ్లో తాము ఉన్నా, పలికే అలవాటు పొరుగు నోటి నుంచి పొరుగు నోటికి వెళ్లింది. భాష విషయంలో "అల" అనేది అలంకారం కోసం వాడిన మాటలా అనిపిస్తుంది కానీ, చాలావరకు పని చేసే మాటే.

మార్కెట్ పేరా దగ్గర మాత్రం నీతో ఒప్పుకోలేను. ఆర్థిక వ్యవస్థలో యాభై అరవై ఏళ్లకోసారి లేచి పడే "కొండ్రాటియెవ్ అలలు" ప్రకృతి నియమం అన్నట్టు రాశావు. రష్యా ఆర్థికవేత్త నికొలాయ్ కొండ్రాటియెవ్ గొప్పవాడే. 1930లో అరెస్టయ్యి, 1938లో కాల్చి చంపబడ్డ మనిషి, ఆయన పట్ల నాకు గౌరవం ఉంది. అయితే మాస్కోలో ఆయన నడిపిన సంస్థలోనే యెవ్‌గెనీ స్లుట్‌స్కీ అనే ఇంకొకాయన పనిచేశాడు. 1927లో ఆయన చేసిన పని చూడు. ప్రభుత్వ లాటరీలో గెలిచిన నంబర్ల చివరి అంకెలు తీసుకున్నాడు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని అంకెలు. వరసగా పదేసి కూడుతూ పోయాడు. మొదటి పది, తర్వాత రెండో అంకె నుంచి పదకొండో అంకె దాకా, అలా. ఆ మొత్తాలతో గీత గీస్తే చక్కటి అలలు వచ్చాయి! ఇంగ్లండ్‌లో 1855 నుంచి 1877 దాకా వ్యాపారం లేచి పడిన గీత పక్కన పెడితే రెండూ ఆశ్చర్యంగా కలిసిపోయాయి.

ఎందుకలా? పక్కపక్కనున్న రెండు మొత్తాల్లో తొమ్మిది అంకెలు ఉమ్మడివే. అందుకని ఒక మొత్తం నుంచి ఇంకోదానికి పెద్ద దూకుడు ఉండదు, నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. అంకెల్లో లేని అల కూడికలో పుట్టింది. వ్యాపారంలో ఎత్తుపల్లాలు లేవని దీని అర్థం కాదు. కాగితం మీద అల కనిపించినంత మాత్రాన, దాన్ని పుట్టించిన చెయ్యి ఒకటి వెనకాల ఉందని రాయకూడదు. ఆ పేరాలో కొండ్రాటియెవ్ పక్కన స్లుట్‌స్కీని కూర్చోబెట్టు. నీ వ్యాసానికి వెన్నెముక అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

కోవిడ్ గురించి జాగ్రత్తగా రాయాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మనందరికీ "సెకండ్ వేవ్" అంటే శాస్త్ర పదం కాదు, ఇంట్లో పోయిన మనిషి. ఆ బాధని తక్కువ చేయకుండానే ఒకటి చెప్పొచ్చు. ఆ "వేవ్" రోజువారీ కేసుల గీత మీద కనిపించిన ఆకారం. దానికి ఇంత ఎత్తుంటే వేవ్, ఇంత తగ్గితే వేవ్ అయిపోయినట్టు అని అందరూ ఒప్పుకున్న కొలత లేదు. మ్యాప్ మీద నిజంగా ప్రయాణించే రోగపు అలలు వేరే ఉన్నాయి. టీకా రాకముందు ఇంగ్లండ్‌లో తట్టు పెద్ద నగరాల్లో ముందు లేచి, అక్కడి నుంచి చిన్న పట్టణాలకి అలలా పాకేదని 2001లో పరిశోధకులు చూపించారు. ఒకటి కాలంలో గీసిన గీత, ఒకటి నేల మీద నడిచిన అల. రెంటినీ ఒకే వాక్యంలో కలిపేశావు, విడదియ్యి.

స్త్రీవాదంలో ఓటు హక్కు పోరాటాన్ని "మొదటి అల", 1960ల తర్వాతి ఉద్యమాన్ని "రెండో అల" అన్న లెక్క మీద ఆ చరిత్ర రాసేవాళ్లే ఎప్పటి నుంచో అభ్యంతరం చెబుతున్నారు. అల అనగానే రెండు శిఖరాల మధ్య ఒక పల్లం వచ్చేస్తుంది. ఆ పల్లంలో పడ్డ కాలంలో ఎవరూ ఏమీ చేయనట్టు అనిపిస్తుంది. అమెరికా లెక్క ప్రకారం ఖాళీ అనిపించే 1940ల్లోనే తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు తుపాకీ పట్టారు, కబుర్లు మోశారు, దళాలకి అన్నం పెట్టారు. మాట ఎంచుకునేటప్పుడు అది ఎవర్ని మింగేస్తుందో కూడా చూసుకోవాలి, తల్లీ.

ట్రాఫిక్ పేరా బాగుంది, ముట్టుకోకు. ఒక్క ప్రయోగం కలిపితే చాలు. 2008లో ప్రచురించిన జపాన్ వాళ్ల ప్రయోగం అది. 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లు నడిపించారు. అడ్డం లేదు, సిగ్నల్ లేదు. కాసేపటికి దానంతట అదే జామ్ పుట్టి, కార్లు ముందుకి పోతుంటే తను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. ఏ కారూ వెనక్కి వెళ్లలేదు.

నా ప్రశ్నకి లొంగని చోటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో అనే పరిశోధన కేంద్రం పట్టుకున్న గురుత్వ తరంగం. నాలుగు కిలోమీటర్ల పొడవున్న గొట్టాల్లో ప్రోటాన్ వెడల్పులో సుమారు వెయ్యో వంతు తేడా వచ్చింది. అక్కడ నీళ్లు లేవు, గాలి లేదు, ఊగింది ప్రదేశమే, అంటే స్పేసే. "కదలకుండా ఉండేది ఏది" అంటే చూపించడానికి బెండు దొరకదు. ఇలాంటి చోట పోలిక ఎక్కడ తెగిపోతుందో పాఠకుడికి విప్పి చెప్పు. తెగిన చోటు చూపించిన రచయితని పాఠకుడు ఎక్కువ నమ్ముతాడు.

చివరిగా మాటల సంగతి. మనకి అల ఉంది, కెరటం ఉంది, తరంగం ఉంది. నువ్వు మూడూ కలగలిపి వాడావు, వినసొంపు కోసం. నేనైతే నీళ్లకి అల, ఒడ్డున విరిగేదానికి కెరటం, కొలిచి లెక్క కట్టే చోట తరంగం అని ముందే అనుకుని, వ్యాసం అంతా దానికే కట్టుబడతాను. జనం వేవ్ అనే చోట వేవ్ అనే రాస్తాను.

పదకొండు పేజీలు ఏడుకి దిగాలి. వెలుగు పేరా ఇప్పటికి పక్కన పెట్టు, దానికి వేరే వ్యాసం కావాలి. తిరగరాసే ముందు ఒకసారి భీమిలి రా. పొద్దున్నే అయితే మంచిది, ఎండ ఉండదు. నేను కొబ్బరి డిప్ప ఒకటి తెస్తాను. కెరటాలు విరిగే చోటుకి అవతల విసిరి, ఏమవుతుందో నువ్వే చూసి మొదటి పేరా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు