భీమిలి వెళ్తే ముందు కొండెక్కు

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. ఆదివారం నీ స్నేహితుల్ని భీమిలి తీసుకెళ్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. సాయంత్రం బీచ్ రోడ్డు మీద వెళ్లి, నాలుగు ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు తిని వచ్చేస్తే భీమిలి చూసినట్టు కాదురా. పొద్దున్నే విశాఖలో 900కె బస్సెక్కండి. కుడివైపు కిటికీ దొరికితే దారిలో సముద్రం కనిపిస్తూనే ఉంటుంది.

దిగగానే పావురాళ్లకొండ ఎక్కండి. ఊళ్లోవాళ్లని నరసింహస్వామి కొండ ఏదని అడిగితే చూపిస్తారు. ఒకసారి మేం దీన్ని చివరికి పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండకి సగంలోనే దిగొచ్చేశాం. ఆ బాధ నాకింకా ఉంది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటది. వాన నీళ్లు పట్టుకోడానికి వాళ్లు రాతిలో తొలిచిన తొట్లు పదహారు ఉన్నాయి. ఒకదాని అంచున కూర్చుని లోపలికి చూడు. ఆ రాయి తొలవడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఎన్ని చేతులు పడ్డాయో!

అక్కణ్ణుంచి కిందికి చూస్తే ఊరంతా అర్థమవుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఓడల వ్యాపారానికి ఈ రేవు బాగుంటుందనే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి దిగారు. 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించి పోయారు.

తర్వాత డచ్చి సమాధుల దగ్గరికి వెళ్లండి. అక్కడ తొందరపడకు. ఉప్పుగాలికి అరిగిన పలకల మీద చదవలేని అక్షరాలు వేలికి తగులుతాయి. ఎక్కడో పుట్టి ఈ ఇసుకలో కలిసిపోయిన మనుషులు వాళ్లు. ఆ రాళ్లెక్కి ఫొటోలు దిగుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది, మీవాళ్లకి ముందే చెప్పు. గడియారస్తంభం, లైట్‌హౌస్ నడుస్తూ చూసేయొచ్చు. ఇప్పుడు విశాఖలో కలిసిపోయింది గానీ, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది.

ఎండ తగ్గాక ఏటి మొగకి వెళ్లండి. నావలు, ఆరబెట్టిన వలలు, ఏటినీళ్లూ సముద్రమూ కలిసేచోట మారే రంగు, ఇవన్నీ ఒడ్డునుంచే చూడండి. మోకాలి లోతే కదా అని మాత్రం దిగొద్దు. కాలికింద ఇసుక జారిపోతుంది, లాగుడు ఎక్కువ. నాకు ఒట్టెయ్యి.

పులిహోర కలిపి ఉంచుతాను. శనివారం రాత్రి వచ్చి డబ్బా తీసుకెళ్లు.

మీ అత్త