ఆ దూలంలో కన్నాలు ఎందుకున్నాయి?

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు సఫక్‌లోని లావెన్‌హామ్ చూశాం. ఊళ్లో ఎటు చూసినా పాత కర్ర ఇళ్లే. ఒక ఇంటి దూలానికి వరసగా ఖాళీ కన్నాలుంటే, పాత ఓడని విప్పి ఆ కలపతో కట్టారని పక్కనున్నాయన చెప్పారు. నిజమేనా? కింద భాగం ఒకప్పుడు దుకాణమట, అయిదు వందల ఏళ్ల తర్వాత అదెలా తెలుస్తుంది?

జవాబు: ఓడ కథ ఇంగ్లండ్‌లో చాలా పాత ఇళ్ల గురించి చెబుతారండీ, కానీ అది నిజమైన సందర్భాలు చాలా అరుదు. ఎండిన ఓక్ రాయిలా గట్టిపడుతుంది కాబట్టి వడ్రంగులు పచ్చి కలపనే వాడేవాళ్లు. ఒక దుంగ చివర నాలుకలా చెక్కి, ఇంకోదాంట్లో తొలిచిన కన్నంలోకి దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొట్టేవాళ్లు. ఏ ముక్క ఎక్కడికో తెలియడానికి రోమన్ అంకెల్లాంటి గీతలు చెక్కేవాళ్లు, ఇప్పటికీ చాలా ఇళ్లలో అవి కనిపిస్తాయి. అంటే ఖాళీ కన్నం ఉందంటే చాలాసార్లు అక్కడ ఒకప్పుడు ఏదో ఉండి, తర్వాత ఎవరో తీసేశారని అర్థం.

ఆ కన్నాలు దూలం అడుగువైపు డైమండ్ ఆకారంలో వరసగా ఉన్నాయా? అయితే అది అద్దాల్లేని కిటికీ, నిలువు చువ్వలు అందులో దిగి ఉండేవి. దుకాణం కిటికీ అలా ఉండదు. వెడల్పుగా, పైన కమానుతో, చాలాసార్లు రెండు పక్కపక్కనే, వాటిని ఆనుకుని ఒక ఇరుకు తలుపు. కింది చెక్క రెక్కని వీధివైపు దించితే అదే కౌంటర్, సాయంత్రం పైకి లేపితే తలుపు. లావెన్‌హామ్‌లో అలాంటి కమాను కిటికీలు ఇంకా మిగిలి ఉన్నాయి, మళ్లీ వెళితే తప్పకుండా వెతకండి. నాకు ఈ ఇళ్లలో అన్నిటికంటే ఇష్టమైనవి అవే.

ఇంగ్లండ్‌లోనే యార్క్ నగరంలో, గుడ్రమ్‌గేట్ వీధిలోని లేడీ రో అనే ఇళ్ల వరస ఇంకా పాతది, 1316లో చర్చి స్థలంలో అద్దెల కోసం కట్టారు. దాని పై అంతస్తు వీధిమీదికి ముందుకు వచ్చి ఉంటుంది.

ఇంటి వెనక భాగం కథ పైకప్పులో ఉంటుంది. అప్పట్లో పొగగొట్టం లేదు, నేలమీద మధ్యలో పొయ్యి, పొగ పైకప్పు దాకా లేచి బయటికి పోయేది. వాసాలకి మసి పట్టి ఉంటే ఆ గది ఒకప్పుడు నేలనుంచి కప్పుదాకా ఖాళీగా ఉండేదన్నమాట. 16, 17 శతాబ్దాల్లో పొగగొట్టాలు వచ్చాక మధ్యలో అంతస్తు వేశారు. ఆ తర్వాత ఫ్యాషన్ మారి ముందువైపు ఇటుక గోడ కట్టేస్తే, వీధిలోంచి చూసేవాళ్లకి వెనక కర్ర ఇల్లు ఉన్నట్టే తెలియదు.

కట్టిన సంవత్సరానికి మాత్రం చెట్టు వలయాలే సాక్ష్యం. బెరడు దాకా మిగిలిన దుంగ దొరికితే, చివరి వలయాన్నిబట్టి చెట్టు నరికిన ఏడాదే తేలిపోవచ్చు, పచ్చి కలప వాడారు కాబట్టి ఇల్లు కూడా అప్పటిదే అనుకోవచ్చు.