అశ్వగంధ వేసుకుంటే నిద్ర పడుతుందా?

ప్రశ్న: నా వయసు 49. మాది నంద్యాల. ఏడాదిగా రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వస్తే మళ్లీ తెల్లారేదాకా కన్ను మూతపడదు. నిద్రమాత్రలు అలవాటైపోతాయని భయం. మా అత్తయ్య జాజికాయ అరగదీసి పాలలో ఇస్తున్నారు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో అశ్వగంధ క్యాప్సూల్స్ తెప్పించాడు. థైరాయిడ్ తక్కువని రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. మూలికలే కదా, రెండూ వాడొచ్చా? అసలు పనిచేస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ క్యాప్సూల్స్ సంగతి చెప్తాను. వాటిని ఇప్పుడే మొదలుపెట్టకండి. నేను ఆయుర్వేద వైద్యురాలిని, అశ్వగంధ నేనూ రాస్తాను. కానీ థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు మాత్రం పరీక్ష చేయించకుండా ఇవ్వను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. థైరాయిడ్ కాస్త తక్కువగా ఉన్న 50 మందితో మన దేశంలోనే చేసిన ఒక అధ్యయనంలో ఎనిమిది వారాలకే ఆ మార్పు కనిపించింది. మీరు వేసుకునే మాత్రకు ఇది తోడై హార్మోన్ ఎక్కువైతే గుండె దడ, చెమటలు, చిరాకు వస్తాయి. ఉన్న కాస్త నిద్ర కూడా పోతుంది.

ఇక పనిచేస్తుందా అంటే, కొంత చేస్తుంది. అయిదు అధ్యయనాలను, అంటే 400 మంది వివరాలను, కలిపి 2021లో పరిశీలించారు. నిద్ర మెరుగైన మాట నిజమే, కానీ ఆ మెరుగుదల చిన్నది. రోజుకు 600 మిల్లీగ్రాములు, కనీసం రెండు నెలలు వాడినవాళ్లలో ఫలితం కాస్త బాగుంది. అదీ వేరు నుంచి తీసిన సారంతో. ఈ రాత్రి వేసుకుంటే ఈ రాత్రే నిద్ర ముంచుకొచ్చే మందు కాదిది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు తాము వాడే సీసాలు సంచిలో వేసుకుని తెస్తారు. ముందు లేబుల్ వెనక సన్నక్షరాలు చదువుతాను. వేరా, ఆకా, రెండూ కలిపారా? మన శాస్త్రంలో లోపలికి వాడేది వేరు మాత్రమే. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది కూడా. అయినా కొన్నింటి మీద ఏ భాగమో రాసి ఉండదు. అలాంటిది ఊరికే వచ్చినా తీసుకోవద్దు. అరుదుగానైనా అశ్వగంధతో కామెర్లు వచ్చిన కేసులున్నాయి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి డాక్టరుకు చూపించాలి. గర్భిణులు దీని జోలికే వెళ్లకూడదు.

మీ అత్తగారి జాజికాయకు అడ్డు చెప్పను. సాన మీద రెండు మూడు తిప్పులు తిప్పితే వచ్చే గంధం చాలా తక్కువ. దానితో నిద్ర వస్తుందనడానికి గట్టి రుజువు లేదు గానీ, గోరువెచ్చని పాలు, పెద్దావిడ ఆప్యాయత మంచివే. పొడి చేసి చెంచాలకొద్దీ మాత్రం వేసుకోకండి. ఒక కాయంత, అంటే సుమారు 5 గ్రాములు, లోపలికి పోతే గుండె దడ, నోరు ఎండిపోవడం, భ్రమలు రావచ్చు. పసిపిల్లలు నిద్రపోవాలని నాకించడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానండి.

మీరు అడగకపోయినా గసగసాల గురించి ఒక మాట. నిద్రకు మంచివని గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఎవరూ పంపకండి. యూఏఈ, సౌదీల్లో అవి నిషిద్ధం. కూరలోకని చెప్పినా జైలుపాలు చేస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. 49 ఏళ్లకు రెండింటికి మెలకువ అంటే నేను ముందు అడిగేది నెలసరి గురించి. ఒళ్లంతా వేడి ఆవిర్లు వచ్చి, మెడ తడిసి లేస్తున్నారా? అలాగైతే గైనకాలజిస్టును కలవండి, దానికి మంచి చికిత్స ఉంది. గురక బాగా వస్తుందేమో, మధ్యలో ఊపిరి ఆగినట్లుంటుందేమో మీ వారిని అడగండి. అది స్లీప్ ఆప్నియా అయితే ఏ మూలికా పనిచేయదు. సాయంత్రం టీ మానేయండి. టీలోని కెఫీన్‌లో సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది.

మెలకువ వచ్చాక పక్క మీద దొర్లుతూ గడియారం చూడకండి. ఓ ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి, కునుకు వస్తేనే పక్క ఎక్కండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవండి, పగటి నిద్ర వద్దు. మొదటి వారం చాలా విసుగ్గా ఉంటుంది, ఓర్చుకోండి. నిద్ర అలవాట్లను, ఆలోచనలను మార్చి నిద్రలేమిని తగ్గించే సీబీటీ–ఐ అనే పద్ధతిలో ఇది ఒక భాగం. పాత నిద్రలేమికి మాత్రల కన్నా ముందు దీన్నే ప్రయత్నించాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది. నా అనుభవంలోనూ మూలికల కన్నా ఇదే ఎక్కువమందికి పనిచేసింది.

ఈ వారంలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించుకోండి. ఇప్పుడున్న మోతాదే మీకు ఎక్కువై నిద్ర చెడుతోందేమో కూడా తేలుతుంది. రిపోర్టు మీ డాక్టరుకు చూపిస్తూ అశ్వగంధ సీసా కూడా చేతిలో పట్టుకెళ్లండి.