నాచుకు తెగులు లేదు, మందులు ఆపండి

సందేహం: చెట్ల నీడలో ఎప్పుడూ చల్లగా ఉండే 200 చదరపు అడుగుల జాగాలో, మా తోట బండల మీద సహజంగా పెరిగిన నాచునే (మాస్) తీసుకొచ్చి పరిచాను. నెల రోజులు పచ్చగా ఉంది. తర్వాత కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. అక్కడక్కడ నల్లబడి, ముట్టుకుంటే జిగటగా ఉంది. ఎండు తెగులని డీలర్ చెబితే కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి ఉన్న తెగులు మందు) లీటరు నీటికి 3 గ్రా. చొప్పున రెండుసార్లు, బలానికని 19-19-19 ఎరువు లీటరుకు 5 గ్రా. పిచికారీ చేశాను. బోరు నీళ్లు రోజుకు మూడుసార్లు తుంపర్లుగా ఇస్తున్నాను. ఇంకా ఏం కొట్టాలి?

సమాధానం: ఏమీ కొట్టకండి. ఇది ఎండు తెగులు కాదు. మీ బోరు నీళ్లు మొదలుపెట్టిన పనిని డీలర్ ఇచ్చిన మందు పూర్తి చేసింది.

నాచుకు వేర్లు లేవు. అడుగున నూలుపోగుల్లా కనిపించేవి పట్టు కోసమే. నీరైనా లవణమైనా చాలా వరకు ఆకులతోనే పీల్చుకుంటుంది. చాలా రకాల్లో ఆ ఆకు మందం ఒక్క కణమే. వరి ఆకు మీద మైనపు పొర ఉంటుంది కాబట్టి కొట్టిన మందులో చాలా భాగం జారిపోతుంది. నాచుకు ఆ అడ్డు దాదాపు లేదు, కొట్టింది కొట్టినట్టు లోపలికి పోతుంది. రాగి దానికి విషం. పంట మందులు అమ్మే మనిషికి పంట కాని మొక్కను చూపిస్తే, చేతికందిన డబ్బా ఇస్తాడు. ఏ మొక్కకు, దేనికోసం అని అడగకుండా కొట్టిన తప్పు మాత్రం మీదే. ఇక 19-19-19 అంటారా, గాలిలో దుమ్ము, వాన నీరు తెచ్చే పోషకాలతో బతికే మొక్కకు అది ఉప్పు చల్లినట్టే. మీరు జిగట అన్నది నాచు కాదు, పాచి (ఆల్గే). మీ ఎరువుతో బలిసింది అదే.

ఇప్పుడు నీటి సంగతి. మీరు పంపిన ఫొటోలో తుంపర నాజిల్ చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది. దాని మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. బుడగలు వస్తే అది సున్నం. అదే సున్నం నాచు కొసల మీదా పేరుకుంటోంది. నీటి పరీక్ష చేయించమని ప్రతి జవాబులోనూ రాస్తున్నాను, ఇక్కడా రాస్తున్నాను. మోటారు 15 నిమిషాలు నడిచాక, సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, లీటరు నీరు పట్టి పంపండి. ఉదజని సూచిక (pH), లవణాలు, బైకార్బొనేట్లు చూడమనండి. ఫలితం వచ్చేదాకా వాన నీరు తప్ప వేరేది వద్దు.

గోధుమ రంగుకు తిరిగిందంతా చచ్చిందని పీకేయకండి. చిటికెడు తీసి గిన్నెడు వాన నీటిలో 20 నిమిషాలు వేయండి. ముడుచుకున్న ఆకులు విచ్చుకుని పచ్చదనం తిరిగితే అది బతికే ఉంది, పడుకుంది అంతే. అలాంటి భాగాన్ని ఉంచి, వాన నీటితో ఒకసారి బాగా కడగండి. నల్లబడిన చోట మాత్రం నాచుతో పాటు పైమట్టి ఒక అంగుళం గీరి తీసేయండి. రాగి మట్టి పైపొరలోనే నిలిచిపోతుంది.

మళ్లీ పరిచేటప్పుడు రకం చూసుకోండి. బండ మీద కుచ్చులుగా నిలువునా పెరిగే నాచుకు తడికీ తడికీ మధ్య ఆరే సమయం కావాలి. దానికి మీరు రోజుకు మూడుసార్లు నీళ్లిచ్చారు, కుళ్లదా మరి? నేల మీద చాపలా పాకే రకం ఎడతెగని తేమను తట్టుకుంటుంది, త్వరగా కమ్ముకుంటుంది కూడా. నేలకు నేల మీది నాచు, రాయికి రాతి మీది నాచు తెచ్చుకోండి.

నేల దున్నకండి. కలుపు వేళ్లతో సహా తీసి, రాలిన ఆకులు ఊడ్చి, నేలను తడిపి గట్టిగా అణచండి. అరచేయంత ముక్కలను 10-15 సెం.మీ. ఎడంగా పెట్టి కాలితో తొక్కండి. మొహమాటపడి మెల్లగా తొక్కితే అడుగున గాలి నిలిచి ముక్క ఎండిపోతుంది. మొదటి 6-8 వారాలు పాకే రకానికి ఉదయం 8 లోపు ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపైన తడిసేలా తుంపర్లు ఇవ్వండి. కుచ్చు రకానికి ఉదయం ఒక్కసారి చాలు. మిట్టమధ్యాహ్నం వద్దు. మజ్జిగ, పంచదార కలిపి మిక్సీలో తిప్పి పూయమని వీడియోల్లో చెబుతారు. దాంతో బూజు పెరుగుతుంది.

రాలిన ఆకులను వారానికోసారి మెత్తటి చీపురుతో తీయండి. ఆకురాలు కాలంలో పైన సన్న వల పరిస్తే, ఆకులతో సహా ఎత్తి దులుపుకోవచ్చు.

కొత్త నాచు మీ తోటలోంచే తీసుకోండి, అదీ ఒక్కో చాప నుంచి అరచేయంతే. అనుమతి లేకుండా అడవిలోంచి తేకండి. అక్కడ గీరిన బండ మళ్లీ పచ్చబడటానికి ఏళ్లు పడుతుంది.