ఆ ఒక్క ఓటు ఎవరిది?

ప్రశ్న: గమాంగ్ పేరు వినబడితే చాలు, మా మావయ్య మొదలెట్టేస్తారు. "మన గుణుపూర్ చిన్న రైలు దారిలో మనిషే ఒక్క ఓటుతో వాజ్‌పేయిని దించేశాడు" అని పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. నిజంగా అది ఆయన ఓటేనా?
- ఒక పాఠకుడు, పాతపట్నం

జవాబు: మావయ్యగారి లెక్క తప్పు కాదండీ, సగమే చెబుతున్నారు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 పడ్డాయి. గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి, కానీ కోరాపుట్ ఎంపీగా రాజీనామా చెయ్యలేదు, ఇంకా ఎమ్మెల్యే కూడా అవలేదు కాబట్టి చట్టం అడ్డు రాలేదు. స్పీకరు మన అమలాపురం బాలయోగిగారు ఆ సంగతి గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ఆ మనస్సాక్షి అచ్చం కాంగ్రెస్ విప్ (ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం) చెప్పినట్టే చెప్పింది! ఆయన రాకుంటే 269-269, అప్పుడు స్పీకరు ఓటు వెయ్యాలి, స్పీకరేమో టీడీపీ మనిషి, టీడీపీ వాజ్‌పేయి వైపు. అందుకే నింద గమాంగ్‌కి అలా అంటుకుపోయింది.

మరి సైఫుద్దీన్ సోజ్ మాటేమిటి? ఆయన పార్టీ, కశ్మీర్‌కి చెందిన నేషనల్ కాన్ఫరెన్స్, ప్రభుత్వం వైపుంటే, ఆయన ఒక్కరూ పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. ఆ ఓటు ఇటు పడి ఉంటే 270-269, గమాంగ్ వచ్చినా ఏమీ అయ్యేది కాదు. బీఎస్పీ అయితే తటస్థంగా ఉంటామని నమ్మకం కలిగించి, తీరా ఓటింగులో వ్యతిరేకంగా వేసింది. వీళ్లెవరూ మావయ్యగారికి గుర్తుండరు, గుణుపూర్ అయితే రైలెక్కి వెళ్లే ఊరు కదా.

నన్నడిగితే లెక్క ఒకటి దగ్గర కాదు, 18 దగ్గర మొదలెట్టాలి. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చెయ్యమని నెలల తరబడి పట్టుబట్టిన జయలలిత తన 18 మంది ఎంపీల మద్దతు వెనక్కి తీసుకోబట్టే కదా అసలు ఆ ఓటింగు వచ్చింది! దించినవాళ్లకీ సంఖ్య కుదరలేదు, సోనియా ప్రభుత్వానికి సమాజ్‌వాదీ నేత ములాయం ఒప్పుకోలేదు, మళ్లీ ఎన్నికలే. ఇంకో సంగతి, గమాంగ్ 2015లో బీజేపీలోనే చేరారు. అది మావయ్యగారికి భోజనం అయ్యాకే చెప్పండి.

ప్రశ్న: ఓడిపోతామని తెలిసీ 2018లో టీడీపీ మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాసం ఎందుకు పెట్టినట్టు?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మాట్లాడ్డానికి. అప్పటి మీ ఎంపీ, టీడీపీ నేత అశోక్ గజపతిరాజుగారు ఆ మార్చిలోనే కేంద్ర మంత్రి పదవి వదిలేశారు, ప్రత్యేక హోదా మీద రాష్ట్రంలో జనం కోపంగా ఉన్నారు. సభలో గంటల తరబడి మాట్లాడితే అది టీవీలో వస్తుంది, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడు కూడా ఆ రోజు మాట్లాడారు. జూలై 20న వచ్చిన ఓట్లు 126, వ్యతిరేకం 325. అంతకుముందే రాజీనామా చేసిన వైసీపీ ఎంపీలు అయిదుగురూ సభలో లేరు. దాంతో "పారిపోయారు" అని టీడీపీ వాళ్లు, "నాలుగేళ్లు బీజేపీతో కాపురం చేసి ఇప్పుడా?" అని వైసీపీ వాళ్లు, 2019 ఎన్నికల దాకా అదే పాట.